మిగతాది మేం చూసుకుంటాం

మాదాపూర్‌లో అయ్యప్ప సొసైటీకి వెళ్లే దారిలో ఓ చిన్న ఫొటో దుకాణం ఉంది. ఇప్పుడు దాని అద్దం మీద ‘అమెరికా వీసా ఫొటోలు, 5 నిమిషాల్లో’ అని స్టిక్కర్ ఉంటుంది. 2001లో నేను మొదటిసారి మెట్లెక్కినప్పుడు అక్కడ పసుపు బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో కొడాక్ అని ఉండేది. లోపలికి అడుగు పెట్టగానే పులిసిన వాసన. కౌంటర్ వెనకాల గదిలో మెషీన్ రొద. కౌంటర్ దగ్గర ఒక అన్న. ఆయన ఇప్పటికీ ఉన్నాడు. బోర్డూ వాసనా మాత్రం పోయాయి.

అప్పటికి సైబర్ టవర్స్‌ని వాజ్‌పేయి ప్రారంభించి మూడేళ్లు కూడా కాలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడెవడైనా మొదటి జీతంలో చేసే పనుల్లో ఆ బిల్డింగ్ ముందు నిలబడి ఫొటో దిగడం ఒకటి. ఊళ్లో నాన్నకి పంపాలి, ఆయన పక్కింటివాళ్లకి చూపించాలి. నేనూ నా రూమ్మేట్ దగ్గర కొడాక్ కేబీ-10 కెమెరా అడిగి తీసుకుని, 36 ఫొటోల రీలు వేయించి, ఆదివారమంతా తిరిగాను. శిల్పారామంలో మట్టిబొమ్మల పక్కన పది, సైబర్ టవర్స్ ముందు ఆరు, దుర్గం చెరువు రాళ్ల మీద మిగతావి. చివరి ఫొటో పడ్డాక, రీలు నిజంగానే తిరిగిందా అని అనుమానం వచ్చి వెనక మూత తీసి చూశాను. చుట్టకుండానే.

అన్న ఆ రీలు చేతిలోకి తీసుకుని, దాన్ని కాకుండా నన్ను చూశాడు. “మూత తీసినవా తమ్మీ?” అన్నాడు. కాదందామనుకున్నాను గానీ నోరు రాలేదు. “సరే, కడుగుదాం. లోపలి చుట్టలల్ల ఉన్నయి ఏమన్న బతికినయేమో” అన్నాడు. పదకొండు బతికాయి. వాటిలో సైబర్ టవర్స్ ఒక్కటే, అది కూడా కుడివైపు సగం నిప్పంటుకున్నట్టు నారింజ రంగులో. మా నాన్న దాన్నే ఫ్రేము కట్టించాడు. ఆ మంట ఏమిట్రా అని ఎవరైనా అడిగితే, సాయంత్రం ఎండ అని చెప్పేవాడు.

‘ఫొటోలు కడిగించడం’ అనే మాట మనవాళ్లు ఊరికే అనలేదు. కలర్ రీలుని డెవలపర్‌లో ముంచేటప్పుడు ఆ ద్రావణం దాదాపు 38 డిగ్రీల వేడి ఉండాలి. పసిపిల్లలకి నీళ్లు పోసేముందు మోచెయ్యి ముంచి చూసుకుంటామే, ఇంచుమించు ఆ వేడి. మూడు నిమిషాల పదిహేను సెకన్లు. అర డిగ్రీ అటూఇటూ అయినా పెళ్లికూతురి ముఖం పచ్చబడుతుంది. తర్వాత బ్లీచు, ఆ తర్వాత వెండిని కరిగించి తీసేసే ఫిక్సరు, ఆఖరున నీళ్లు. వాడేసిన ఫిక్సర్‌లో కరిగి ఉన్న వెండిని రాబట్టేవాళ్లు క్యాన్లతో వచ్చి దాన్ని కొనుక్కుపోయేవారు. అన్నకి అదో చిల్లర ఆదాయం. రీలు మీద ఆ వెండి ఉప్పుని పట్టి ఉంచేది జెలటిన్, అంటే పశువుల ఎముకల నుంచీ తోళ్ల నుంచీ తీసిన బంక. పూజగదిలో దండ వేసి పెట్టిన తాతయ్య ఫొటో మీద ఉన్నది కూడా అదే. మా అమ్మమ్మకి ఈ సంగతి చెప్పే ధైర్యం నాకెప్పుడూ లేకపోయింది.

సికిందరాబాదులో 1880ల్లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్‌కి ఈ కష్టమంతా స్వయంగా తెలుసు. ఆయనది గాజుపలకల కాలం. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1888లో, అమెరికాలోని రోచెస్టర్‌లో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ అనే కెమెరా డబ్బా ఒకటి అమ్మకానికి పెట్టాడు. ధర 25 డాలర్లు, లోపల 100 ఫొటోల రీలు. అయిపోయాక డబ్బాకి డబ్బా రోచెస్టర్‌కి పంపి ఇంకో 10 డాలర్లు కడితే, ఫొటోలు కడిగి, కొత్త రీలు ఎక్కించి తిరిగి పంపేవారు. మీట మీరు నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం అన్నది ఆయన ప్రకటన. కెమెరా మీద వచ్చేది ఎంతని? డబ్బంతా ఆ ‘మిగతాది’లోనే ఉంది. రీలు, రసాయనం, కాగితం, మళ్లీ రీలు. నూరేళ్లకు పైగా ప్రపంచంలో ఎవరు నవ్వినా రోచెస్టర్‌కి కొంత ముట్టేది. అయ్యప్ప సొసైటీ దారిలోని అన్న ఆ గొలుసుకి ఈ చివర.

మన పల్లెటూళ్లకి ఈస్ట్‌మన్ పేరు ఫొటోల కన్నా ముందు సినిమా పోస్టర్ల మీదే తెలుసు. ‘ఈస్ట్‌మన్ కలర్’ అని హీరో పేరుకి దీటైన అక్షరాలతో వేసేవారు. అది ఒక మనిషి పేరని చాలాకాలం నాకూ తెలీదు, రంగుల్లో అదో రకం అనుకునేవాణ్ని. అంతకుముందు 1963లో వచ్చిన ‘లవకుశ’ గేవాకలర్‌లో తీశారు. డబ్బు చాలక ఏళ్ల తరబడి ఆగిపోయి మళ్లీ లేచిన సినిమా అది. రంగు ఫిలిం అంటే అప్పట్లో నిర్మాత ఇల్లు తాకట్టు పెట్టే వ్యవహారం.

పెళ్లిళ్లలో ఇంకో ముచ్చట. దూరపు చుట్టాలు ఒక్కొక్కరూ దంపతుల పక్కన నిలబడి ఫొటో అడుగుతుంటే, ఫొటోగ్రాఫరు రీలు ఖర్చు కాకుండా ఒట్టి ఫ్లాష్ కొట్టి పంపేసేవాడు. వాళ్లు తృప్తిగా భోజనాలకి వెళ్లిపోయేవారు. ఆల్బమ్ వచ్చాక తాము లేమని గోల చేస్తే, ‘ఆ రీలు ఆగమైంది సార్’ అనేవాడు. 36లో ఒకటి దక్కాలంటే మనిషికి కొంత హోదా ఉండాలన్నమాట. ఇప్పుడు పెళ్లికి వేలల్లో తీస్తారు, కరిజ్మా ఆల్బమ్‌లో అందరూ ఉంటారు. దాన్ని ఎవరూ రెండోసారి తెరవరు.

ఈ రీలు వ్యాపారాన్ని కూల్చినవాడు బయటివాడు కాడు. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ రీలు లేని కెమెరా చేశాడు. మూడున్నర కిలోల పైచిలుకు బరువు. 10 వేల చుక్కల నలుపు తెలుపు బొమ్మని క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. పైవాళ్లు చూశారు, దాచిపెట్టారు. బుద్ధి లేక చేశారని ఇవాళ మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ప్రతివాడూ నవ్వుతాడు. నాకు మాత్రం వాళ్ల మీద అంత కోపం రాదు. ‘మిగతాది’ మీద ఊరంతా బతుకుతున్నప్పుడు, మిగతాది అంటూ ఏమీ ఉండని కెమెరాని ఎవరు చేజేతులా బజార్లో పెడతారు?

వాళ్ల అసలు పొరపాటు మన గురించి వేసుకున్న అంచనా అనిపిస్తుంది నాకు. 2004 జనవరిలో కొడాక్ అమెరికాలో, కెనడాలో, పశ్చిమ ఐరోపాలో రీలు కెమెరాల అమ్మకం ఆపేస్తామని ప్రకటించింది. భారత్, చైనా లాంటి చోట్ల మాత్రం కొనసాగిస్తామంది. మనం నిదానంగా వస్తాం, ముందు రీలు కెమెరా కొంటాం, డిజిటల్ సంగతి తర్వాత అనుకున్నారు. అప్పటికే మాదాపూర్ టీకొట్ల దగ్గర కెమెరా ఉన్న నోకియా 6600 ఫోన్ చేతులు మారుతోంది. అమెరికా ప్రాజెక్టు నుంచి తిరిగొచ్చినవాడి సంచిలో డిజిటల్ కెమెరా ఉండేది. కేబీ-10 కూడా కొననివాళ్లు తిన్నగా ఫోన్‌లోకి దూకారు. రీలు పోయింది బొమ్మ బాగుండక కాదు, ఆ ఫోన్ల బొమ్మలు అప్పట్లో ఘోరంగా ఉండేవి. తీసిన ఫొటోని అక్కడికక్కడే, పైసా పెట్టకుండా చూసుకోవచ్చు. రీలు, కడిగింపు, ప్రింట్లు కలిపి రెండు మూడు వందలు పోసి, రెండు రోజులు ఆగి, పదకొండు తెచ్చుకున్న నాలాంటివాడికి అంతకన్నా ఏం కావాలి!

తర్వాత అంతా చకచకా జరిగింది. 2005లో ఆగ్ఫాఫొటో దివాలా. 2006లో కోనికా మినోల్టా ఫొటో వ్యాపారం నుంచే తప్పుకుంది. 2009లో కొడాక్ వారి కొడాక్రోమ్ రీలు తయారీ ఆగింది. 2012 జనవరి 19న కొడాక్ దివాలా రక్షణ కోసం కోర్టుకెళ్లింది. మన ప్రభుత్వరంగ సంస్థ, ఊటీలో ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు రీళ్లూ ఎక్స్‌రే ఫిలిమూ చేసిన హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ అయితే డిజిటల్ దెబ్బ తగలకముందే, 1990ల్లోనే ఖాయిలా పడింది. ఫ్యూజీ ఒక్కటే ఒడ్డున పడింది. రీలుకి వాడిన జెలటిన్ అంటే కొల్లాజెనే కదా, రంగు వెలిసిపోకుండా వాడిన రసాయనాలు చర్మానికీ పనికొస్తాయి కదా అని 2007లో ముఖానికి రాసుకునే క్రీములు అమ్మింది. ఎల్‌సీడీ తెరలకి కావలసిన ఫిలిమూ చేసింది. కొడాక్ మాత్రం తన రసాయనాల కంపెనీని 1994లోనే వేరు చేసి వదిలించుకుంది. ఇవాళ రోచెస్టర్‌లో రీలు కొద్దికొద్దిగా తయారవుతూనే ఉంది. మన దగ్గర కొడాక్ పేరు టీవీల మీద కనిపిస్తోంది, అది కూడా ఇంకెవరో లైసెన్సు తీసుకుని చేసేవి.

అలాగని కొడాక్ పూర్తిగా పోయిందనడానికీ లేదు. ఫోన్ కెమెరాలో ఉండే సెన్సరుకి రంగు తెలీదు, వెలుగొక్కటే తెలుసు. అందుకని దాని మీద గళ్లుగళ్లుగా రంగుల జల్లెడ పరుస్తారు. సగం గళ్లు ఆకుపచ్చ, పావు వంతు ఎరుపు, పావు వంతు నీలం. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో దానిమీద పేటెంట్ వచ్చింది. ఇవాళ దుర్గం చెరువు తీగల వంతెన మీద పోలీసులు ఈలలు వేస్తున్నా వినకుండా సెల్ఫీ దిగే కుర్రాడి చొక్కాకి ఆ రంగు పట్టేది చాలావరకు ఆ జల్లెడ లోంచే. వంతెన దిగి రాయదుర్గం వైపు వెళ్తే, ఆ ఫోన్లలో బొమ్మని సరిదిద్దే చిప్పుల మీద పనిచేసే ఇంజినీర్లు కనిపిస్తారు. ‘మిగతాది’ ఇప్పుడు వాళ్ల పని. వాళ్ల చేతులకి మాత్రం ఏ వాసనా అంటదు.

మొన్న మా అమ్మాయి వీసా ఫొటో కోసం అన్న దగ్గరికే వెళ్లాను. తెల్ల గుడ్డ ముందు కూర్చోబెట్టి, చెవులు కనపడేలా జుట్టు వెనక్కి నెట్టించి, రెండంగుళాల చదరం తీసి, నా వాట్సాప్‌కి పంపేశాడు. మెషీన్ ఏదన్నా అని అడిగితే, పాత ఇనుము కింద పోయిందన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు కౌంటర్ కింద నుంచి అట్టపెట్టె ఒకటి లాగాడు. నిండా పసుపు కవర్లు. కడిగించడానికి ఇచ్చి, మళ్లీ రాని వాళ్లవి. అమెరికా పోయినవాళ్లు, ఉద్యోగం పోయి ఊరెళ్లిపోయినవాళ్లు, మర్చిపోయినవాళ్లు.

“పారేయొచ్చుగా?” అన్నాను.

“పైసల్ కట్టిన్రు తమ్మీ” అన్నాడు.

పైన ఉన్న కవరు మా అమ్మాయి చేతిలోకి తీసుకుంది. లోపల నాలుగేసి ఫొటోల చొప్పున కత్తిరించిన నెగిటివ్ ముక్కలు. ఒకటి లైటు కేసి ఎత్తి పట్టుకుంది. తెల్ల జుట్టు, నల్ల పళ్లతో నవ్వుతున్న నలుగురు కుర్రాళ్లు, వాళ్ల వెనక సైబర్ టవర్స్. కవరు మీద బాల్‌పెన్నుతో 2001 తేదీ, ఒక పేరు, దాని కింద రెండు గీతలు గీసి ‘అర్జెంట్’ అని ఉంది.