బధిరుల గురువు గాలడెట్‌గారు

మన పాఠశాలను విడిచిన పిమ్మట ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశింపగోరు విద్యార్థులు ప్రతి సంవత్సరమును కొందరుందురు. వారిని తలచుకొనియే థామస్ హాప్‌కిన్స్ గాలడెట్‌గారి చరిత్రము నిచ్చట వ్రాయుచున్నాము.

వీరు 1787వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన అమెరికా దేశమందలి ఫిలడెల్ఫియా పట్టణమున జన్మించిరి. చిన్నతనముననే వీరి కుటుంబము కనెక్టికట్ రాష్ట్రమందలి హార్ట్‌ఫర్డ్ పట్టణమునకు తరలిపోయెను. పదునేడేండ్ల ప్రాయమున యేల్ కళాశాలలో పట్టభద్రులై, పిమ్మట ఆండోవరు వేదాంత విద్యాలయమున జదివి, 1814లో బోధకులగుటకు అర్హత నందిరి. శరీరము మాత్రము దుర్బలము.

ఆ సంవత్సరముననే, పొరుగింటి డాక్టరు కాగ్స్‌వెల్‌గారి కుమార్తె ఆలిస్ అను బాలిక తోడిపిల్లల యాటలలో గలియలేకుండుట వీరు చూచిరి. పసితనమున జబ్బుచేసి యామెకు వినికిడి పోయెను. దానితో మాటయు పోయెను. గాలడెట్‌గారు తమ టోపీని చూపి, దాని పేరును నేలమీద వ్రాసి, వస్తువునకును అక్షరములకును గల సంబంధమును ఆమెకు దెలిపిరని చెప్పుదురు.

అయినను ఒక మాట తరువాత నేమి నేర్పవలెనో, ఏ క్రమమున నేర్పవలెనో వారికి దెలియదు. అమెరికాలో అప్పటికి బధిరులకై స్థిరమైన పాఠశాల యొకటియు లేదు. డాక్టరుగారును పట్టణమందలి దాతలును చందాలు ప్రోగుచేసి, ఆ విద్య నభ్యసించి రమ్మని 1815లో వీరిని ఐరోపాకు పంపిరి.

బ్రిటనులో బ్రెయిడ్‌వుడ్ కుటుంబమువారు బధిరులకు విద్య గరపు పద్ధతిని ఇంటి గుట్టువలె దాచుకొనియుండిరి. కొన్ని యేండ్లు తమ పాఠశాలలో కొలువు చేయవలెననియు, నేర్చినది యితరులకు చెప్పరాదనియు నిర్బంధములు పెట్టిరి. ఎడింబరోలోని యుపాధ్యాయుడును అట్టి యొడంబడికకు లోబడినవాడే. అది వారి జీవనాధారమను మాట నిజమే గాని, విద్యకు తాళము వేయుటను మేము మెచ్చజాలము. గాలడెట్‌గారికి నెలలు వ్యర్థమయ్యెను. హార్ట్‌ఫర్డ్‌లో ఆలిస్ ఎదురుచూచుచుండెను.

పారిసునందలి బధిర విద్యాలయమునకు అధ్యక్షులగు సికార్ గురువుగారు తమ శిష్యులతో లండనుకు వచ్చి బోధన ప్రదర్శించుచుండగా వీరికి పరిచయమైరి. వారి పిలుపునుబట్టి 1816లో వీరు పారిసు చేరిరి. అచ్చట రహస్యము లేదు. యేల్ పట్టభద్రులును, బోధకులును నగు ఈ దొరగారు అడుగు తరగతిలో గూర్చుండి, క్రమక్రమముగా పై తరగతులకు వచ్చిరి. సైగలు నేర్పిన మాస్యూగారును, లారెంట్ క్లేర్‌గారును స్వయముగా బధిరులే!

చేతనున్న ద్రవ్యము తరిగిపోవుచుండెను. నేర్చుకొనవలసినది ఇంకను చాల నుండెను. అందుచేత క్లేర్‌గారినే తమతో రమ్మని వేడుకొనిరి. 52 దినముల సముద్రయానమున క్లేర్‌గారు సైగలు నేర్పుచుండగా గాలడెట్‌గారు ఇంగ్లీషు నేర్పిరి. ఆ యోడయే వీరికి ట్రెయినింగు స్కూలు. 1817 ఏప్రిలు 15న హార్ట్‌ఫర్డ్‌లో ఏడుగురు విద్యార్థులతో పాఠశాల తెరవబడెను. వారిలో ఆలిస్ యొకతె.

వీరు 1830 వరకు అధ్యక్షులుగా నుండిరి. 1821లో తమ పూర్వవిద్యార్థినియు, బధిరురాలునగు సోఫియా ఫౌలరుగారిని వివాహమాడిరి. ఆ దినములలో చదువ వ్రాయ నేర్చినవాడెల్ల ఉపాధ్యాయుడు గావచ్చునని జనులు తలచుచుండగా, బోధనయే యొక శాస్త్రముగా నేర్పు విద్యాలయముండవలెనని 1825లో వీరొక ప్రణాళికను ప్రకటించిరి. అమెరికాలో మొదటి ప్రభుత్వ నార్మల్ స్కూలు 1839లోగాని వెలయలేదు. 1851 సెప్టెంబరు 10న వీరు హార్ట్‌ఫర్డ్‌లో పరమపదించిరి.

వీరి కుమారుడు ఎడ్వర్డుగారు వాషింగ్టనునందలి బధిర కళాశాలకు అధ్యక్షులై, బధిరులకు బోధింపగోరు పట్టభద్రులకై 1891లో నచ్చట శిక్షణ తరగతిని నెలకొల్పిరి. 1894లో ఆ కళాశాలకు తండ్రిగారి పేరిడబడెను. తండ్రికి విద్య నేర్పిన గురువులు బధిరులైయుండగా, ఆ శిక్షణ తరగతిలో మొదట వినగలవారినే చేర్చుకొనుట మాకు వింతగా దోచుచున్నది. చాలకాలమునకు గాని ఆ నిబంధన తొలగలేదు.