వాల్‌చంద్ హీరాచంద్: స్వేచ్ఛావాణిజ్యమును, దేశప్రయోజనమును

స్వేచ్ఛావాణిజ్యమా, స్వదేశ పరిశ్రమల సంరక్షణమా యను వివాదము మనకు క్రొత్తది కాదు. ప్రపంచ వాణిజ్యసంస్థ పేరును, దేశముల నడుమ సుంకముల పోరును నేడు పత్రికలలో నిత్యము కన్పట్టుచున్నను, ఈ తగవు మొదలై నూఱేండ్లు దాటినది. దానిని సిద్ధాంతగ్రంథములలో పరిశీలించుటకంటె నొక మనుష్యుని జీవితమున పరిశీలించుట సుకరము. షోలాపురమున జన్మించి విశాఖపట్టణమున ఓడలు కట్టించిన సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్ జీవితమట్టిది. ఆయన గుజరాతీ జైనుడు. పెరిగినది మహారాష్ట్రమున. అయినను ఆంధ్రులకాయనతో రెండువిధముల సంబంధము గలదు. ఆయన పుట్టిన పట్టణపు తూర్పుభాగము తెలుగు సాలెవారి నివాసము. ఆయన తలపెట్టిన మహాకార్యమునకు తావిచ్చినది మన సముద్రతీరము.

షోలాపురము పూర్వము బొంబాయి రాజధానిలో నైజాము రాజ్యపు సరిహద్దునకు చేరువగా నుండెడిది. 1860లో రైలుమార్గము వచ్చినపిదప నచట ప్రత్తివ్యాపారము పెంపొందెను. మొరార్జీ గోకుల్‌దాసు స్థాపించిన నూలుమిల్లు 1877లో పనిచేయ నారంభించెను. తెలంగాణపు జిల్లాలనుండి పద్మశాలీలు కూడుగుడ్డల వెదకికొనుచు కుటుంబములతో తరలివచ్చి సాఖర్‌పేట, భవానీపేట మున్నగు పేటలలో కుదురుకొనిరి. మగ్గమున్నచోటనే కాపురము. ఆడువారు ఆసుపోసి కండెలు చుట్టుదురు, మగవారు నేయుదురు. వీథిలో మరాఠీ, ఇంటిలో తెలుగు. పంటభూమి లేని యీ జనమునకు నూలుధర పెరిగినను, చీరధర తగ్గినను నాటి పొయ్యిమీదనే దాని ఫలము కనబడుచుండెను. విదేశవాణిజ్యమును గూర్చిన చట్టసభల తీర్మానములు తుదకు వచ్చి తాకునది యిట్టి యిండ్లనే.

వాల్‌చంద్ 1882 నవంబరు 23వ తేదీన ఈ పట్టణముననే జన్మించెను. ఆ సంవత్సరమే భారత ప్రభుత్వము స్వేచ్ఛావాణిజ్య సూత్రమును పురస్కరించుకొని దిగుమతి వస్త్రములపై సుంకమును పూర్తిగా ఎత్తివేసినది. 1894లో బొక్కసము వట్టిపోగా మరల సుంకము విధింపవలసివచ్చెను. లాంకషైరు మిల్లుదారులు గోలపెట్టిరి. 1896లో దిగుమతి వస్త్రములపై సుంకమును నూటికి మూడున్నర వంతునకు తగ్గించి, భారతదేశపు మిల్లు వస్త్రములపైనను అంతయే ఎక్సైజుపన్ను వేసిరి. సమానత్వము పేర జరిగిన యీ యేర్పాటు 1925 వఱకు సాగెను. బలవంతుడును, బలహీనుడును ఒకే బరువు మోయవలెననుట న్యాయమువలె కనబడును గాని న్యాయము కాదు. వాల్‌చంద్ తరమువారు స్వేచ్ఛావాణిజ్యమన్న మాటను అనుమానముతో వినుటకు కారణమిదియే.

ఆయన కుటుంబమువారు ప్రత్తివ్యాపారము, వడ్డీవ్యాపారము చేయుచుండిరి. వాల్‌చంద్‌కు ఆ రెంటియందును రుచి కలుగలేదు. కళాశాల చదువు మధ్యలో విడిచి, రైల్వేలో గుమాస్తాగా నుండిన లక్ష్మణ బలవంత ఫాటక్ అను మహారాష్ట్రునితో కలిసి గుత్తపనులకు దిగెను. బార్శీ చిన్నరైలుమార్గపు పనితో మొదలిడి భోర్‌ఘాటు సొరంగములు త్రవ్వించుదాక ఎదిగెను. రాళ్లు, కూలీలు, గడువులు, లెక్కలు, ఇవియే ఆయనకు విశ్వవిద్యాలయము.

1919లో ఆయన జీవితము సముద్రమువైపు మఱలెను. గ్వాలియరు మహారాజునకు చెందిన లాయల్టీ యను ఓడ అమ్మకమునకు రాగా, వాల్‌చంద్ మిత్రులను కూడగట్టి దానిని కొనెను. వారిలో ముఖ్యుడైన నరోత్తమ మొరార్జీ, షోలాపురపు మిల్లు స్థాపించిన గోకుల్‌దాసు కుమారుడే. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ యిట్లు పుట్టినది. 1919 ఏప్రిలు 5వ తేదీన ఆ ఓడ బొంబాయినుండి ఇంగ్లండునకు బయలుదేరెను. నేడు మనము జరుపుకొను జాతీయ నౌకాదినము ఆ ప్రయాణమునకు గుఱుతు.

చిదంబరం పిళ్లె 1906లో తూత్తుకుడిలో నెలకొల్పిన స్వదేశీ ఓడల కంపెనీ యేగతి పట్టినదో అందఱెఱిగినదే. సింధియాకును అదియే గతి పట్టించుటకు ఇంచికేప్ ప్రభువు ఆధిపత్యముననున్న బ్రిటిషు కంపెనీలు పూనుకొనెను. వారి సాధనములు రెండు. మొదటిది, క్రొత్తవాడు నిలువలేనంతగా రేవుబాడుగలను తగ్గించుట. రెండవది, వాయిదా రిబేటు. వర్తకుడు తన సరకునంతను వారి ఓడలలోనే పంపినచో కొన్ని నెలలైన పిదప బాడుగలో కొంత తిరిగియిత్తురు. ఒక్క మూట యితరుల ఓడలో వేసినను కూడిన సొమ్మంతయు పోవును. దీనికి పేరు స్వేచ్ఛా పోటీ! తుదకు 1923లో సింధియా కంపెనీ, తన ఓడల బరువును, తిరుగు దారులను పరిమితము చేయు పదియేండ్ల ఒడంబడికకు తలయొగ్గి బ్రదుకవలసివచ్చెను. 1929లో నరోత్తముడు మరణింపగా కంపెనీ భారము వాల్‌చంద్‌పై పడెను.

పోరాటము చట్టసభలకెక్కెను. తీరవాణిజ్యమును స్వదేశపు ఓడలకే కేటాయింపవలెనని భారత వర్తకనౌకా సంఘము 1924లో సిఫారసు చేసెను. 1928లో హాజీగారు శాసనసభలో అందులకై బిల్లు తెచ్చిరి. అది చట్టము కాలేదు. ఇంతటితో నాగక, 1935వ సంవత్సరపు భారత ప్రభుత్వ చట్టమున వాణిజ్య వివక్షను నిషేధించు సెక్షనులు చేర్చి, బ్రిటిషు ఓడలకు ప్రతికూలముగ శాసింపకుండ మన శాసనసభల చేతులు కట్టివేసిరి. వాదించుటకు హక్కున్నను శాసించుటకు హక్కు లేకపోయినది. వాల్‌చంద్ 1932-33లో భారత వాణిజ్యమండలుల సమాఖ్యకు అధ్యక్షుడై యుండెను. సామ్రాజ్యపు సరకులకు ప్రత్యేక రాయితీలిచ్చు ఒట్టావా ఒడంబడికను ఆ సమాఖ్య వ్యతిరేకించినది.

ఓడలు నడుపుటతో తనివి తీరక, ఆయన వానిని ఇచ్చటనే కట్టవలెనని తలంచెను. కలకత్తాలో స్థలము కొఱకు చేసిన యత్నము ఫలింపలేదు. అపుడు విశాఖపట్టణము ఎన్నుకొనబడినది. 1941 జూను 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసెను. మరుసటి ఏప్రిలులో జపాను విమానములు ఆ పట్టణముపై బాంబులు వేయగా పనులు చెదరిపోయెను. అయినను స్వాతంత్ర్యము వచ్చిన కొలది నెలలకే, 1948 మార్చి 14వ తేదీన, జల ఉష యను ఎనిమిదివేల టన్నుల ఓడను జవహర్‌లాల్ నెహ్రూ మన తీరమున నీటిలోనికి విడిచెను.

ఇంతలో 1940లో మైసూరు ప్రభుత్వముతో కలిసి బెంగుళూరున విమాన కర్మాగారమును, 1944లో బొంబాయిలో మోటారు కంపెనీని స్థాపించెను. మొదటిదానికి అమెరికనుడైన పౌలీ సహాయమును, రెండవదానికి క్రైస్లరు కంపెనీ సహకారమును పొందెను. పరదేశపు విద్యను, యంత్రమును ఆయన వలదనలేదు. పరదేశపు పెత్తనమును మాత్రము వలదనెను. తలుపులు మూయుమనువారును, తలుపులు పీకివేయుమనువారును గమనింపవలసిన భేదమిది.

ఆయనపై విమర్శ లేకపోలేదు. దేశప్రయోజనము పేర తన కంపెనీల ప్రయోజనమునే కోరెనని కొందఱనిరి. ఇందు సత్యము కొంత గలదు. సంరక్షణ వలన లాభము మొదట చేరునది యజమానికే. విదేశ వస్త్రమును అడ్డగించినంత మాత్రమున షోలాపురపు సాలెవాని కష్టము తీరలేదు. మాంచెస్టరు గుడ్డ తగ్గినచోట స్వదేశపు మిల్లుగుడ్డ వచ్చెను. దాని వెనుక మరమగ్గము వచ్చెను. స్వదేశీయమైనంత మాత్రమున పోటీ కఠినము కాకపోదు. అందుచేతనే స్వాతంత్ర్యానంతరము కొన్ని వస్త్రములను చేనేతకే ప్రత్యేకింపవలసివచ్చినది. 1985లో దానికై ప్రత్యేక చట్టమే చేసిరి. ఓడలకొఱకు వాల్‌చంద్ కోరిన న్యాయమునే మగ్గము తన దేశపు మిల్లునుండి కోరినది.

ఈ ప్రశ్న షోలాపురమున మఱియొక రూపమున న్యాయస్థానమునకెక్కెను. 1949 ఆగస్టులో పాత మిల్లు మూతపడి వేలకొలది కార్మికులు వీథిపాలైరి. 1950 జనవరిలో ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా మిల్లు నిర్వహణను చేపట్టెను. అందుకై చేసిన శాసనమును ఒక వాటాదారుని వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1950లో నిలబెట్టెను. మఱియొక వాటాదారుని వ్యాజ్యమున, పరిహారమీయక ఆస్తిని హరించుట చెల్లదని 1953లో కొట్టివేసెను. యజమాని హక్కునకును, కార్మికుని కూటికిని నడుమ గీత యెచ్చట గీయవలెనో నిర్ణయించుట న్యాయమూర్తులకే అంత కష్టమైనది!

వాల్‌చంద్ అప్పటికే రంగమునుండి తొలగెను. 1949లో పక్షవాతము సోకి, మరుసటి సంవత్సరమున విశ్రమించి, 1953 ఏప్రిలు 8వ తేదీన గుజరాతులోని సిద్ధపురమున మరణించెను. ఆయన విమాన కర్మాగారమునందలి భాగమును ప్రభుత్వము 1942లోనే కొనెను. విశాఖ నౌకాకేంద్రమున అధికభాగము 1952లో ప్రభుత్వపరమయ్యెను. తీరవాణిజ్యమును స్వదేశపు ఓడలకు కేటాయించు విధానమును మాత్రము ఆయన కనులార చూడగల్గెను. 2018లో విదేశపు ఓడలకు కొన్ని కంటెయినరు రవాణాలలో ఆ నిబంధన సడలింపబడినది. రేవులకు లాభమని యొక పక్షము, స్వదేశపు ఓడలకు నష్టమని యొక పక్షము వాదించినవి.

ఈ వాదమున తీర్పు చెప్పుటకు ముందు విచారింపవలసిన అంశములు మూడు. సంరక్షణ కోరువాడు ఎంతకాలమునకు కోరుచున్నాడు? అంతలో తన కాళ్లపై నిలువగలడా? ఆ లాభమున కూలివానికిని, కొనుగోలుదారునకును వంతు గలదా? స్వేచ్ఛ కోరువానిని సైతము ఇట్లే ప్రశ్నింపవలెను. విశాఖలో ఓడ కట్టించిన సేఠునకును, షోలాపురమున తువాలు నేయు సాలెవానికిని ఒకే కొలత వర్తించిననాడే దేశప్రయోజనమను మాటకు అర్థముండును.