డ్రాక్యులా కాకముందు వ్లాద్

కాసిల్‌వేనియా యానిమేషన్ సిరీస్ చూసినవాళ్లకి మొదటి ఎపిసోడ్ గుర్తుండే ఉంటుంది. వైద్యం నేర్చుకుందామని కోటకి వచ్చిన లీసాని డ్రాక్యులా పెళ్లి చేసుకుంటాడు. మంత్రగత్తె అని ముద్ర వేసి చర్చివాళ్లు ఆమెని కాల్చి చంపేస్తారు. డ్రాక్యులా వలేకియా జనానికి ఒక్క ఏడాది గడువిచ్చి, ఆ తర్వాత నరకాన్నే ఊళ్ల మీదికి వదులుతాడు. కొనామి కంపెనీ 1989లో తెచ్చిన మూడో కాసిల్‌వేనియా గేమ్ ఆధారంగా నెట్‌ఫ్లిక్స్‌లో 2017లో వచ్చిన సిరీస్ ఇది.

అందులో అతని పూర్తి పేరు వ్లాద్ డ్రాక్యులా త్సెపెష్. కథ జరిగేది 1470ల్లో. ఈ పేరూ, దేశమూ, కాలమూ గేమ్ తయారుచేసినవాళ్ల ఊహ కాదు. ఆ పేరుతో, సరిగ్గా అప్పుడే, అక్కడే ఒక మనిషి నిజంగా బతికాడు. రక్తం తాగలేదు. అలాగని మంచివాడూ కాదు.

వ్లాద్ 1431 ప్రాంతంలో పుట్టాడు. పుట్టిన ఊరు ట్రాన్సిల్వేనియాలోని సిగిషోర అంటారు. అదే ఏడాది వాళ్ల నాన్నని హంగేరీ రాజు సిగిస్మండ్ 'డ్రాగన్ కూటమి' అనే వీరుల సంఘంలో చేర్చుకున్నాడు. దాంతో ఆయనకి డ్రాకుల్ అనే పేరొచ్చింది. డ్రాకుల్ కొడుకు కాబట్టి మనవాడు డ్రాక్యులా. అంతే, ఇంటి పేరు లాంటిదే. కాలం గడిచాక రొమేనియన్ భాషలో అదే మాటకి దెయ్యం అనే అర్థం స్థిరపడింది. పేరుకి పట్టిన శని అక్కడే మొదలైంది.

వలేకియా చిన్న రాజ్యం. ఒకవైపు హంగేరీ, ఇంకోవైపు ఆటోమన్ సామ్రాజ్యం. ఇద్దరినీ మంచి చేసుకుంటేనే బతుకు. 1442లో సుల్తాన్‌కి నమ్మకం కుదరడానికి డ్రాకుల్ తన కొడుకులు వ్లాద్, రాదులని తాకట్టుగా వదిలి రావాల్సి వచ్చింది. వ్లాద్‌కి అప్పుడు పదకొండేళ్లు ఉంటాయేమో. మాట తప్పితే పిల్లల ప్రాణం పోతుందన్నది ఒప్పందం. రెండేళ్లకే తండ్రి సుల్తాన్ మీద యుద్ధానికి సైన్యాన్ని పంపాడు! పిల్లలు ఎలాగో బతికి బయటపడ్డారు గానీ, నాన్న తమని లెక్కలోంచి తీసేశాడని వ్లాద్‌కి అనిపించకుండా ఉంటుందా?

1447లో తండ్రి హత్యకి గురయ్యాడు. అన్న మిర్చాని వలేకియా జమీందార్లే చంపారు. ఆ వార్త వ్లాద్‌కి పరాయి దేశంలో ఉండగా చేరింది. మరుసటి ఏడు ఆటోమన్ల సాయంతో గద్దె ఎక్కి, రెండు నెలలకే దిగిపోయాడు. మళ్లీ 1456లో ఎక్కాడు. ఈసారి ఎవరినీ నమ్మలేదు.

మన పాత కథల్లో కొరత వేయడం అని చదువుతాం కదా, అదే అతని శిక్ష. ఎదురు తిరిగిన జమీందార్లనీ, ప్రత్యర్థులకి ఆశ్రయమిచ్చిన ట్రాన్సిల్వేనియా జర్మన్ వర్తకులనీ కొరత వేయించాడు. త్సెపెష్ అనే బిరుదుకి అర్థం కూడా అదే, కొరత వేసేవాడు అని. చనిపోయాకే ఆ పేరు స్థిరపడింది. ఇదే మనిషి పేరు మీద 1459లో జారీ అయిన ఒక పత్రంలోనే బుకారెస్ట్ ఊరి పేరు మొదటిసారి కనిపిస్తుంది. ఆ ఊరే ఈరోజు రొమేనియా రాజధాని.

కప్పం కట్టడం మానేసి, 1462 చలికాలంలో డాన్యూబ్ నది దాటి ఆటోమన్ ఊళ్లని తగలబెట్టాడు. చంపినవాళ్లు 23,884 మంది అని లెక్కకట్టి మరీ హంగేరీ రాజు మత్యాస్‌కి ఉత్తరం రాశాడు. ఆ సంఖ్య నిజమో కాదో గానీ, దాన్ని గొప్పగా చెప్పుకున్న మనసు మాత్రం నిజం. కోపంతో సుల్తాన్ రెండో మెహ్మద్ పెద్ద సైన్యంతో బయల్దేరాడు. జూన్ 17 రాత్రి వ్లాద్ ఏకంగా సుల్తాన్ డేరా మీదికే దాడికి వెళ్లాడు. చీకట్లో పొరపాటున మంత్రుల డేరాల మీద పడ్డాడు. రాజధాని తిర్గోవిష్టె దగ్గర కొరత వేసిన శవాల అడవి సుల్తాన్‌కి స్వాగతం పలికిందని నాటి గ్రీకు చరిత్రకారుడు రాశాడు.

చివరికి అతన్ని దించింది మాత్రం తమ్ముడే. తనతోపాటు తాకట్టులో పెరిగిన రాదు, సుల్తాన్ మనిషిగా వచ్చి గద్దె ఎక్కాడు. సాయం కోసం వెళ్లిన వ్లాద్‌ని మత్యాస్ రాజు సుల్తాన్‌తో చేతులు కలిపాడని నేరం మోపి బంధించాడు. ఆ నేరానికి చూపించిన ఉత్తరాలు దొంగవని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

అసలు కథ ఇక్కడే ఉంది. పన్నెండేళ్లకు పైగా అతను బందీ. బయట జర్మన్ భాషలో అతని క్రూరత్వం గురించి కథలు పుట్టుకొచ్చాయి. అచ్చుయంత్రం అప్పటికి కొత్త టెక్నాలజీ. అతను పోయిన కొన్నేళ్లకి, 1488 నుంచి, ఆ కథలు అచ్చయి జనంలోకి పోయాయి. వాటిలో నిజమూ ఉంది, పగతో పెంచిందీ ఉంది. వ్లాద్ వైపు నుంచి చెప్పే పుస్తకం మాత్రం అప్పట్లో ఏ అచ్చుశాలలోనూ రాలేదు. 1476లో మూడోసారి గద్దె ఎక్కి, కొద్ది వారాలకే యుద్ధంలో చనిపోయాడు. తలని సుల్తాన్‌కి పంపారు.

1890లో బ్రామ్ స్టోకర్ ఇంగ్లండ్‌లోని విట్‌బీ ఊరి లైబ్రరీలో వలేకియా గురించిన ఒక పుస్తకం తిరగేశాడు. డ్రాక్యులా అంటే దెయ్యం అనే మాట అందులో కంటబడి నోట్ చేసుకున్నాడు. 1897లో నవల వచ్చింది. రొమేనియాకి అతను ఎప్పుడూ వెళ్లలేదు. నవల నుంచి సినిమాలు, సినిమాల నుంచి 1986లో మొదటి గేమ్, గేమ్ నుంచి మన సిరీస్.

వ్లాద్ చేసినవాటికి క్షమాపణ ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పట్లేదు. కాకపోతే రక్తపిశాచి అనేస్తే మనకి పని తేలికైపోతుంది, అలాంటివాడు ఎలా తయారయ్యాడని అడగక్కర్లేదు. చిత్రంగా సిరీస్ రాసినవాళ్లు మాత్రం అది అడిగారు. ముందు అతని నుంచి ఏం లాక్కున్నారో చూపించి, ఆ తర్వాతే రాక్షసుణ్ణి చూపించారు. లీసా కల్పితం. కానీ పదకొండేళ్ల వయసులో పరాయి కోటలో కూర్చుని, నాన్న మాట నిలబెట్టుకుంటాడా లేదా అని ఎదురుచూసిన పిల్లాడు కల్పితం కాదు. ఈసారి సిరీస్ చూస్తే ఆ పిల్లాణ్ణి ఒకసారి తలుచుకోండి.