ఎవారిస్ట్ గాల్వా

ఎవారిస్ట్ గాల్వా (అక్టోబరు 25, 1811 - మే 31, 1832) ఫ్రాన్సు దేశానికి చెందిన గణిత శాస్త్రజ్ఞుడు. అంతర్జాలంలో ప్రయాణించే సమాచారాన్ని కాపాడే పద్ధతులకు ఇతని గణితం ఒక ఆధారం.

జీవితం

గాల్వా పారిస్ సమీపంలోని బూర్-లా-రెన్ లో జన్మించాడు. తండ్రి ఆ ఊరి మేయరు. 1829 జూలైలో తండ్రి ఆత్మహత్య చేసుకొన్నాడు. తరువాత కొద్ది రోజులకే గాల్వా ఎకోల్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలో రెండవసారి విఫలుడయ్యాడు. సమీకరణాలపై 1830లో అకాడమీకి సమర్పించిన వ్యాసం, దానిని పరిశీలించవలసిన ఫోరియర్ మరణించడంతో కనిపించకుండా పోయింది. మళ్ళీ వ్రాసి పంపినది 1831లో తిరస్కరింపబడింది. రాజరికాన్ని వ్యతిరేకించి కారాగారవాసం కూడా అనుభవించాడు. 1832 మే 30న ద్వంద్వ యుద్ధంలో తుపాకి గుండు తగిలి, మరునాడు 20 ఏళ్ళ వయసులో మరణించాడు. ఆ వ్యాసాన్ని లియోవిల్ 1846లో ప్రచురించాడు.

గాల్వా క్షేత్రాలు

ఇతడు తన గణితమంతా ద్వంద్వ యుద్ధానికి ముందు రాత్రే వ్రాశాడనే కథ ప్రచారంలో ఉన్నది కానీ అది నిజం కాదు. పరిమిత క్షేత్రాలపై వ్యాసం 1830లోనే అచ్చయింది. ఇటువంటి క్షేత్రంలో మూలకాల సంఖ్య పరిమితం. వాటిని కూడినా, తీసివేసినా, గుణించినా, (సున్నతో తప్ప) భాగించినా ఫలితం అందులోనే ఉంటుంది.

2001లో అమెరికా ప్రమాణంగా స్వీకరించిన ఏ.ఇ.ఎస్. గూఢలిపి 256 మూలకాల క్షేత్రాన్ని వాడుతుంది. గాల్వా/కౌంటర్ అనే పద్ధతిలో, గూఢలిపిలోకి మార్చిన సందేశంపై ఇంకా పెద్ద క్షేత్రంలో గుణకారాలు చేసి, రహస్య తాళంచెవి సాయంతో ఒక ముద్రను తయారుచేస్తారు. దారిలో ఎవరైనా ఒక్క బిట్టు మార్చినా ముద్ర సరిపోలదు, సందేశం తిరస్కరింపబడుతుంది. 2018లో వెలువడిన టీ.ఎల్.ఎస్. 1.3 ప్రోటోకాల్ ను అమలుపరిచే సాఫ్టువేరులో ఈ పద్ధతి ఉండడం సాధారణంగా తప్పనిసరి.