వారెన్ ఎస్. జాన్సన్

వారెన్ సేమూర్ జాన్సన్ (1847 నవంబరు 6 – 1911 డిసెంబరు 5) అమెరికాకు చెందిన ఉపాధ్యాయుడు, ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. ఒకే భవనంలోని వేర్వేరు గదులలో ఉష్ణోగ్రతను దేనికి దానిగా, మనిషి ప్రమేయం లేకుండా అదుపు చేసే పద్ధతిని రూపొందించినవాడుగా ఈయన ప్రసిద్ధుడు. ఈయన 1885లో మిల్వాకీ నగరంలో స్థాపించిన సంస్థ కాలక్రమాన జాన్సన్ కంట్రోల్స్ అనే పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. జీవితకాలంలో ఈయన పొందిన పేటెంట్ల సంఖ్య 50కి పైమాటే.

బాల్యం, తొలి ఉద్యోగాలు

జాన్సన్ అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో లెస్టర్ అనే గ్రామంలో జన్మించాడు. ఈయన బాల్యంలోనే కుటుంబం పశ్చిమాన ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రానికి తరలివెళ్ళింది. జాన్సన్ చదువు చాలావరకు స్వయంకృషితో సాగినదే. ముద్రణాలయంలో పనివాడుగా, భూములు కొలిచే సర్వేయరుగా, పాఠశాల ఉపాధ్యాయుడుగా, పాఠశాలల పర్యవేక్షకుడుగా వివిధ ఉద్యోగాలు చేశాడు. 1876లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్ పట్టణంలో ఉన్న ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆచార్యుడుగా నియమితుడయ్యాడు. ఈ కళాశాలే తరువాతి కాలంలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు వైట్‌వాటర్ శాఖగా రూపొందింది.

వైట్‌వాటర్ కళాశాలలో

ఈ కళాశాలలో జాన్సన్ చిత్రలేఖనం, దస్తూరి, జమాఖర్చుల లెక్కలు మొదలైన విషయాలు, తరువాత ప్రకృతిశాస్త్రం బోధించాడు. ప్రతిభావంతుడే గాని సంప్రదాయ పద్ధతులకు కట్టుబడని ఉపాధ్యాయుడని పేరుపడ్డాడు. ఈయనకు అన్నిటికంటె మక్కువ ప్రయోగశాల మీద. విద్యుత్తుతోను, రసాయనాలతోను ప్రయోగాలు చేస్తూ ఎక్కువ కాలం అక్కడే గడిపేవాడు.

విస్కాన్సిన్ చలి తీవ్రమైనది. శీతకాలంలో ఉష్ణోగ్రత చాలా రోజులు 0 డిగ్రీల సెల్సియస్‌కు దిగువనే ఉంటుంది. అందువల్ల అక్కడి భవనాలకు నేలమాళిగలో కొలిమి గాని, బాయిలరు గాని ఉంటుంది. అక్కడ పుట్టిన వేడిగాలి లేదా ఆవిరి గొట్టాల ద్వారా పై గదులకు చేరుతుంది. గొట్టాలకు ఉండే మూతలను (వీటిని డ్యాంపర్లు అంటారు) తెరిస్తే గదికి వేడి వస్తుంది, మూస్తే ఆగుతుంది. అయితే మూత క్రింద నేలమాళిగలో ఉంటుంది, వేడి ఎంత ఉన్నదీ తెలిసేది పై గదిలో. కొలిమి చూసే పనివాడు గంటగంటకు ప్రతి తరగతి గదిలోకి వచ్చి, గది వేడిగా ఉన్నదో చల్లగా ఉన్నదో చూసుకొని, మళ్ళీ క్రిందికి దిగి మూతలు సవరించవలసి వచ్చేది. అతడు తిరిగి వచ్చేదాకా వేడెక్కిన గది వేడెక్కుతూనే ఉండేది. ఉక్కపోతకు కిటికీలు తెరిస్తే వేడితోపాటు బొగ్గు ఖర్చు కూడా బయటికి పోయేది. పైగా అతడు వచ్చిన ప్రతిసారీ పాఠం ఆగిపోయేది.

కొలిమికి వేడి పుట్టించడమే తెలుసు, గదికి చాలినంత వేడి చేరినదని దానికి తెలియదు. ఆ సంగతి గది నుండి కొలిమి దగ్గరకు చేరే మార్గం కావాలి. జాన్సన్ పరిశోధన ఇక్కడ మొదలైంది.

ఎలక్ట్రిక్ టెలి-థర్మోస్కోపు

ఉష్ణోగ్రతను తనంతట తాను అదుపు చేసుకొనే సాధనాలు జాన్సన్‌కు పూర్వమే ఉన్నాయి. 17వ శతాబ్దంలో డచ్చి దేశస్థుడు కార్నెలిస్ డ్రెబెల్ పాదరసం పైకి లేచినపుడు కొలిమికి గాలి తగ్గే ఏర్పాటు చేశాడు. 1830లో స్కాట్లాండుకు చెందిన ఆండ్రూ యూర్ రెండు లోహాల పట్టీతో పనిచేసే సాధనానికి పేటెంటు పొంది, దానికి థర్మోస్టాట్ అని పేరు పెట్టాడు.

రెండు లోహాల పట్టీ వెనుక ఉన్న సూత్రం సులభమైనది. ఒకే పొడవు గల ఇత్తడి, ఉక్కు పట్టీలను సమానంగా వేడిచేస్తే ఇత్తడి ఎక్కువ సాగుతుంది. 1 మీటరు పొడవు పట్టీ ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగినపుడు ఇత్తడి సుమారు 19 మైక్రోమీటర్లు, ఉక్కు సుమారు 12 మైక్రోమీటర్లు పెరుగుతాయి. రెండిటినీ ఒకదానికొకటి అతికిస్తే విడిగా సాగే వీలు లేక పట్టీ ఉక్కు వైపుకు వంగుతుంది. చల్లబడితే తిరిగి మొదటి స్థితికి వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాలల విద్యార్థులు విద్యుత్ ఇస్త్రీపెట్టెను ఉదాహరణగా చెప్పుకొనే ద్విలోహ పట్టీ ఇదే.

జాన్సన్ ఈ పట్టీని చుట్టగా చుట్టి, దానికి పాదరసంతో పనిచేసే విద్యుత్ స్విచ్చిని జతపరచాడు. గదిలో ఉష్ణోగ్రత నిర్ణీతమైన హద్దు దాటగానే చుట్ట కదిలి విద్యుత్ వలయం పూర్తయ్యేది. నేలమాళిగలో గంట మ్రోగేది. పనివాడు గదిలోకి రాకుండానే సంగతి తెలుసుకొని మూత సవరించేవాడు. ఈ సాధనానికి ఎలక్ట్రిక్ టెలి-థర్మోస్కోప్ అని పేరు. గ్రీకు పదాల ప్రకారం దూరం నుండి వేడిని చూపేది అని దీని అర్థం. 1883 జూలై 24న జాన్సన్‌కు దీనిపై 281,884 సంఖ్య గల అమెరికా పేటెంటు లభించింది.

ఈ సాధనంతో తరగతికి అంతరాయం తప్పింది. కాని గంట విని మూత వేయవలసినవాడు మనిషే. అతడు నిద్రపోయినా, వేరే పనిలో ఉన్నా గంట మ్రోగుతున్నంతసేపూ గది వేడెక్కుతూనే ఉంటుంది. వార్త చేర్చడంతో పని సగమే అయిందని, మూత కూడా దానంతట అదే పడవలసి ఉన్నదని జాన్సన్ గ్రహించాడు.

మిల్వాకీలో సంస్థ స్థాపన

మిల్వాకీ నగరంలో మాంస పరిశ్రమకు అధిపతులైన ప్లాంకింటన్ కుటుంబానికి చెందిన విలియం ప్లాంకింటన్ జాన్సన్ పరిశోధనలకు పెట్టుబడి సమకూర్చాడు. 1885లో జాన్సన్ ఉద్యోగానికి రాజీనామా చేసి మిల్వాకీ చేరుకున్నాడు. అదే సంవత్సరం జాన్సన్ ఎలక్ట్రిక్ సర్వీస్ కంపెనీ ఏర్పడింది. ప్లాంకింటన్ అధ్యక్షుడు, జాన్సన్ ఉపాధ్యక్షుడు. తరువాతి కాలంలో జాన్సన్ అధ్యక్షుడై, మరణించేదాకా ఆ పదవిలో కొనసాగాడు. స్థిరమైన జీతం గల ఆచార్య పదవిని సుమారు 38 ఏళ్ళ వయసులో వదలి ఈయన ఈ వ్యాపారంలోకి దిగాడు.

గాలి ఒత్తిడితో నియంత్రణ

ఆ రోజులలో బ్యాటరీల నుండి లభించే విద్యుత్తు గంట మ్రోగించడానికి చాలినదే గాని, బరువైన ఆవిరి కవాటాలను త్రిప్పడానికి చాలేది కాదు. ఇందుకు జాన్సన్ సంపీడిత వాయువును, అనగా ఒత్తిడితో గొట్టాలలో నింపిన గాలిని ఎంచుకున్నాడు. గది గోడ మీది థర్మోస్టాట్‌లో లోహపు పట్టీ కదిలి ఒక సన్నని గాలి రంధ్రాన్ని మూయడమో తెరవడమో చేస్తుంది. దానిని బట్టి గొట్టంలోని ఒత్తిడి మారుతుంది. ఆ ఒత్తిడి కవాటం వద్ద ఉన్న సాగే పొర మీద పనిచేసి కవాటాన్ని కదుపుతుంది. ఉదాహరణకు చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడి గల గాలి 20 చదరపు అంగుళాల పొరను నెడితే 300 పౌన్ల బలం పుడుతుంది. సన్నని పట్టీ చేసిన అతి చిన్న కదలికతో పెద్ద కవాటం మూతపడుతుంది.

ప్రతి గదికి ఒక థర్మోస్టాట్, దానికి లోబడిన కవాటం ఉండడం వలన ఎండ తగిలే గది, ఎండ తగలని గది వేర్వేరుగా అదుపులో ఉంటాయి. ఒకటి చాలించుకొన్నా రెండవదానికి వేడి అందుతూనే ఉంటుంది. ఈ పద్ధతికి 1895లో పేటెంటు లభించింది. పాఠశాలలు, ఆసుపత్రులు, హోటళ్ళు, కార్యాలయాలు దీనిని విరివిగా స్వీకరించాయి.

ఇటువంటి గాలి వ్యవస్థలలో ఆవిరి కవాటాన్ని సాధారణంగా స్ప్రింగు తెరచి ఉంచుతుంది, గాలి ఒత్తిడి మూస్తుంది. కనుక గాలి యంత్రం చెడిపోయినా, గొట్టం కారినా కవాటాలు తెరచుకొని గదులు వేడెక్కుతూ పోతాయి. ఇది కావాలని చేసిన ఏర్పాటు. గడ్డకట్టే చలిలో వేడి ఆగిపోతే నీటి గొట్టాలు పగులుతాయి, మనుషులకు ప్రాణాపాయం కలుగవచ్చు. రెండు కష్టాలలో ఉక్కపోత నయమని ఇంజనీర్లు ఎంచుకున్నారు.

ఇతర ఆవిష్కరణలు

జాన్సన్ ఆసక్తులు వేడిమితో ఆగలేదు. గాలి ఒత్తిడితో నడిచే పెద్ద గోపుర గడియారాలు నిర్మించాడు. మిల్వాకీ నగర భవనపు గడియారం, ఫిలడెల్ఫియా నగర భవనపు గడియారం ఈయన రూపకల్పనలే. ఫిలడెల్ఫియా గడియారపు ముఖం వ్యాసం 26 అడుగులు. అది 1899 జనవరి 1న పనిచేయడం ప్రారంభించింది. 1904లో సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శనలో 112 అడుగుల వ్యాసం గల పూల గడియారాన్ని ఈయన సంస్థ ఏర్పాటు చేసింది.

నిస్తంత్రీ వార్తాప్రసారంలోనూ ఈయన ప్రయోగాలు చేశాడు. తరువాత రేడియో రంగంలో పేరు గాంచిన లీ డి ఫారెస్ట్ 1900లో కొంతకాలం జాన్సన్ స్థాపించిన నిస్తంత్రీ సంస్థలో పనిచేశాడు. ఆవిరితో నడిచే బండ్లు, అటు తరువాత పెట్రోలు కార్లు కూడా జాన్సన్ సంస్థ తయారుచేసింది. ఇవేవీ ఉష్ణోగ్రత నియంత్రణ వలె నిలదొక్కుకోలేదు.

ఇళ్ళలో ఉష్ణోగ్రత నియంత్రణ

జాన్సన్ సంస్థ ప్రధానంగా పెద్ద భవనాలకు సేవ చేసింది. ఇళ్ళ కొలుములకు ఇదే పనిని మరొక మార్గంలో చేసినవాడు మినియాపొలిస్‌కు చెందిన ఆల్బర్ట్ బట్జ్. 1885 ప్రాంతంలో బట్జ్ రూపొందించిన సాధనంలో గది చల్లబడినపుడు చిన్న యంత్రం కొలిమి గాలిమూతను ఎత్తేది, గది వేడెక్కగానే దించేది. ఆ సంస్థ చేతులు మారి, 1927లో హనీవెల్ సంస్థతో విలీనమైంది. 1953లో హనీవెల్ విడుదల చేసిన గుండ్రని థర్మోస్టాట్‌లోనూ ద్విలోహపు చుట్ట, పాదరసపు స్విచ్చి ఉండేవి.

గది, వార్త, కవాటం అనే ఈ మూడంచెల గొలుసు చలిదేశాల ఇళ్ళలో నేటికీ ఉన్నది. ఇంటి బాయిలరు ఆగకుండా మండుతూ ఉంటే లోపం ఈ గొలుసులో ఏ అంచెలో ఉన్నదని వెదకడం మరమ్మతు నిపుణుల పద్ధతి. మొదటి అంచె థర్మోస్టాట్. పాత పాదరసపు రకం గోడ మీద ఒరిగితే తప్పు ఉష్ణోగ్రత వద్ద పనిచేస్తుంది. కిటికీ నుండి చలిగాలి నేరుగా తగిలితే ఇల్లంతా వేడెక్కినా దానికి చలిగానే ఉంటుంది. రెండవ అంచె తీగ. దాని రెండు పోగులు ఎక్కడైనా ఒకదానికొకటి తగిలితే బాయిలరుకు వేడి కావాలన్న వార్త ఎడతెగక అందుతుంది. మూడవ అంచె బాయిలరు వద్ద ఉండే రిలే, కవాటాలు. రిలే మొనలు కాలి అతుక్కుపోయినా, కవాటం తెరచుకొని బిగిసినా వేడి ఆగదు.

తక్కువ వోల్టేజి థర్మోస్టాట్ గల వ్యవస్థలలో నిపుణుడు మెయిన్ స్విచ్చి ఆపి, బాయిలరు వద్ద థర్మోస్టాట్ తీగను విప్పి, తిరిగి విద్యుత్తు ఇస్తాడు. బాయిలరు ఆగి ఉంటే లోపం థర్మోస్టాట్‌లోనో తీగలోనో ఉన్నట్లు, ఇంకా మండితే బాయిలరు వైపు ఉన్నట్లు తేలుతుంది. స్నానపు నీటిని కూడా కాచే బాయిలరు గదుల అవసరం లేకపోయినా మండుతుంది, అది లోపం కాదు. థర్మోస్టాట్ విఫలమైనా నీరు హద్దు మీరి కాగకుండా ఆపే స్విచ్చి, ఒత్తిడి పెరిగితే తెరచుకొనే రక్షక కవాటం వేరుగా ఉంటాయి. వీటిని బిగించి మూయడం ప్రమాదకరం.

మరణం, అనంతర కాలం

జాన్సన్ 1911 డిసెంబరు 5న కాలిఫోర్నియా రాష్ట్రంలోని లాస్ ఏంజిలస్‌లో మరణించాడు. ఈయన తరువాత హ్యారీ ఎల్లిస్ సంస్థ బాధ్యతలు స్వీకరించి, కార్ల తయారీ వంటి ఇతర వ్యాపారాలను మానివేసి, ఉష్ణోగ్రత నియంత్రణకే సంస్థను పరిమితం చేశాడు. 1974లో సంస్థ పేరు జాన్సన్ కంట్రోల్స్‌గా మారింది. 2016లో ఇది టైకో సంస్థతో విలీనమైంది.

జాన్సన్ గడియారాలలో ఫిలడెల్ఫియా గడియారం నగర భవనపు గోపురం మీద నేటికీ కనబడుతుంది. ఈయన కార్లు మరుగున పడ్డాయి. పాఠానికి అంతరాయం కలుగకూడదని ఒక ఉపాధ్యాయుడు మొదలుపెట్టిన పని మాత్రం పెద్ద భవనాలన్నిటికీ అవసరమై, ఈయన పేరును నిలిపింది.