రక్తదానం చేస్తే 64 రోజులు బంధించారు.. హెచ్‌ఐవీ బాధితుల కోసం నిలబడిన డొమినిక్ డిసౌజా కథ ఇదీ

ఎవరికో ప్రాణం నిలుస్తుందని రక్తం ఇచ్చేవాడు. అదే ఆయన్ను పోలీసుల కాపలాలోకి నెట్టింది. ఆయన నేరం చేయలేదు, ఎవరికీ హాని తలపెట్టలేదు. రక్తంలో హెచ్‌ఐవీ ఉందని తేలింది, అంతే. గోవాకు చెందిన డొమినిక్ డిసౌజా జీవితం ఇది. చనిపోయి మూడు దశాబ్దాలు దాటినా దేశంలో హెచ్‌ఐవీ బాధితుల హక్కుల గురించి మాట్లాడితే మొదట వినిపించే పేర్లలో ఆయనది ఒకటి.

అసలేం జరిగింది?

1989 ఫిబ్రవరి 14. డొమినిక్ వయసు 29 ఏళ్లు. వరల్డ్ వైడ్ ఫండ్‌లో ఉద్యోగం, ఖాళీ దొరికితే నాటకాలు. అలాంటి మనిషికి మపుసా పోలీస్ స్టేషన్‌కు రమ్మని కబురొచ్చింది. అక్కడి నుంచి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. అక్కడ రిజిస్టర్ మీద ఎయిడ్స్ అన్న మాట కనబడ్డాకే ఆయనకు విషయం అర్థమైంది.

దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులు 1986లో చెన్నైలో బయటపడ్డాయి. మూడేళ్లు గడిచినా జనంలో అవగాహన లేదు, భయం మాత్రం బోలెడంత. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను విడిగా ఉంచాలని అప్పటి గోవా ప్రజారోగ్య చట్టం చెప్పేది. దాంతో డొమినిక్‌ను వాడకంలో లేని ఓ టీబీ శానిటోరియంలో పెట్టేశారు. బయట పోలీసులు, లోపల ఒక్కడే. అలా 64 రోజులు!

కొడుకు కోసం కోర్టుకెక్కిన తల్లి

బిడ్డకు ఈ జబ్బు ఉందంటే ఇంట్లోవాళ్లే దాచిపెట్టే రోజులవి. డొమినిక్ తల్లి లూసీ డిసౌజా మాత్రం దాచలేదు. తన పేరుతోనే బాంబే హైకోర్టులో పిటిషన్ వేశారు. న్యాయవాది ఆనంద్ గ్రోవర్ వాదించారు. నాటకాల స్నేహితులు కూడా ఆయన్ను వదలమంటూ గట్టిగా గొంతెత్తారు.

కోర్టు జోక్యంతో డొమినిక్ ఇంటికొచ్చారు. కానీ పూర్తి గెలుపు దక్కలేదు. విడిగా ఉంచడం తప్పనిసరి కాదంటూ చట్టం మారింది గానీ, ఆ అధికారం మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. దాన్ని హైకోర్టు కూడా సమర్థించింది.

ఇంట్లో కూర్చోలేదు

ఇంత జరిగాక ఎవరైనా తలుపులు వేసుకుని కూర్చుంటారు. డొమినిక్ అలా చేయలేదు. తన పేరు, ముఖం దాచుకోకుండా హెచ్‌ఐవీ గురించి బయట మాట్లాడారు. తనకైతే తల్లి ఉంది, లాయర్ ఉన్నాడు, స్నేహితులున్నారు. మరి ఎవరూ లేనివాళ్ల సంగతేంటి? ఆ ప్రశ్నకు జవాబుగానే 1992లో 'పాజిటివ్ పీపుల్' పుట్టింది. నాటకరంగ మిత్రురాలు ఇసబెల్ వాజ్ ఆయనకు తోడు నిలిచారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పడం, అండగా ఉండటం ఆ సంస్థ పని.

అప్పటికే ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది. ఇప్పుడున్నలాంటి మందులు అప్పట్లో లేవు. సంస్థ మొదలైన కొద్ది రోజులకే, 1992 మేలో డొమినిక్ ముంబైలో కన్నుమూశారు. ఆయన పోయినా సంస్థ ఆగలేదు. గోవాలో ఆ పనిని మిత్రులు ముందుకు తీసుకెళ్లారు. 2005లో ఓనిర్ తీసిన హిందీ సినిమా 'మై బ్రదర్ నిఖిల్'కు డొమినిక్ జీవితమే స్ఫూర్తి.

ఇప్పుడు పరిస్థితి ఏంటి?

ఆనంద్ గ్రోవర్ ఆ ఒక్క కేసుతో ఆగలేదు. ఆయన భాగస్వామిగా ఉన్న 'లాయర్స్ కలెక్టివ్' సంస్థ హెచ్‌ఐవీ బాధితుల హక్కుల కోసం బిల్లు ముసాయిదా రాసింది. ఏళ్ల తర్వాత, 2017లో పార్లమెంట్ హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టాన్ని ఆమోదించింది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అది అమల్లో ఉంది. దాని ప్రకారం హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో, అద్దె ఇంట్లో వివక్ష చూపకూడదు. అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు. డొమినిక్‌ను బంధించినట్టు ఎవరినీ విడిగా పెట్టకూడదు.

మందులూ వచ్చాయి. 2004 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. రోజూ మానకుండా వాడితే ఎక్కువ కాలం ఆరోగ్యంగా బతకొచ్చు. పరీక్షలో కనబడనంతగా వైరస్ తగ్గి, అలాగే ఉంటే లైంగికంగా భాగస్వామికి సోకదు. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం.. అన్నీ సాధ్యమే.

మీకో, మీవాళ్లకో రిపోర్ట్ పాజిటివ్ వచ్చిందా? ఒంటరిగా కుమిలిపోవద్దు. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా కాల్ చేయొచ్చు. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీ కేంద్రంలో కౌన్సెలర్‌తో మాట్లాడొచ్చు. మీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వాళ్లదే. డొమినిక్‌కు అప్పట్లో దక్కనిది ఇప్పుడు ఒక్క ఫోన్ కాల్ దూరంలో ఉంది.