సాలూరు వారి బాణీ: తెగని వాదన

సినిమా పాటల ప్రస్తావన వస్తే చాలు, మన పల్లెల్లో ఒక వాదన మొదలవుతుంది. సాలూరు రాజేశ్వరరావు గారు సంగీతం సమకూర్చిన చిత్రాలలో ఏది గొప్పది? రచ్చబండ మీద కూర్చున్న పెద్దలు మల్లీశ్వరి అంటారు. వారికన్న కాస్త చిన్నవారు మిస్సమ్మ అంటారు. హరికథలూ, భజనలూ విని పెరిగినవారు విప్రనారాయణ వైపు మొగ్గుతారు. పియానో పాటలంటే చెవి కోసుకునేవారికి డాక్టర్ చక్రవర్తిని మించింది లేదు. ఎవరి మాట వారిదే, ఎవరూ తగ్గరు. ఈ వాదనలో తీర్పు చెప్పాలంటే ముందు ఆయన నడిచిన దారి తెలియాలి. ఆ దారి మన సాలూరు దగ్గరి శివరామపురంలోనే మొదలైంది.

తండ్రి మృదంగం

రాజేశ్వరరావు గారు 1922లో శివరామపురంలో జన్మించారు. జిల్లాల సరిహద్దులు ఎన్నోసార్లు మారాయి. 1979లో ఆ ప్రాంతం విజయనగరం జిల్లాలో చేరింది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో వుంది. ఏ జిల్లాలో వున్నా ఆ వూరి పేరును ఆయన ఇంటిపేరు దేశమంతా మోసుకు తిరిగింది. తండ్రి సన్యాసిరాజు గారు మృదంగ విద్వాంసులు. వయొలిన్‌లో పేరెన్నికగన్న ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కచేరీలకు మృదంగం వాయించినవారు. ఆ ఇంట్లో పిల్లలకు మాటలతో పాటే తాళం వచ్చిందంటే అతిశయోక్తి కాదు. అన్న హనుమంతరావు గారు కూడా తరువాతి కాలంలో సంగీత దర్శకులుగా పేరు తెచ్చుకున్నారు.

చిన్నతనంలోనే రాజేశ్వరరావు గారి పాట గ్రామఫోను రికార్డులకెక్కింది. ఆ గొంతు విన్న సినిమావారు ఆయనను మద్రాసు పిలిపించారు. 1935లో వచ్చిన శ్రీకృష్ణ లీలలులో బాలకృష్ణుడు ఆయనే. వేమూరి గగ్గయ్య గారి కంసుడి ఎదుట నిలబడి పద్యాలు పాడేనాటికి ఆయన వయస్సు పదమూడేళ్ళు. మరుసటి ఏడు మాయాబజార్‌లో అభిమన్యుడి వేషం కట్టారు.

కలకత్తా, జెమినీ

తరువాత కలకత్తా వెళ్ళారు. ఆనాడు కలకత్తా సినిమా సంగీతానికి పుట్టినిల్లు వంటిది. పంకజ్ మల్లిక్, ఆర్.సి. బోరాల్, కె.ఎల్. సైగల్ వంటివారి సంగీతాన్ని దగ్గర నుంచి విని, హిందూస్థానీ పద్ధతినీ, బెంగాలీ పాటలోని మెత్తదనాన్నీ ఒంటబట్టించుకున్నారు. తిరిగి వచ్చాక 1939లో జయప్రద చిత్రానికి సంగీతం సమకూర్చారు. 1940లో వచ్చిన ఇల్లాలులో నటించారు, సంగీతమూ ఆయనదే.

ఇదే కాలంలో రావు బాలసరస్వతీదేవి గారితో కలిసి ఆయన పాడిన లలిత గీతాల రికార్డులు ఇంటింటా మోగాయి. తెలుగులో లలిత సంగీతానికి బాట వేసినవారిలో ఆయనను ముందు చెప్పుకోవాలి. అయితే తరువాతి రోజుల్లో ఘంటసాల, ఎ.ఎం. రాజా వంటివారి గొంతులకు తగిన బాణీలు కట్టే పనిలో ఆయన సొంత గొంతు వెనక్కి తగ్గింది. గాయకుడుగా అంత పేరు వున్న మనిషి ఆ పేరును పక్కనబెట్టి ఇతరుల గొంతులకు మెరుగులు దిద్దడం చిన్న విషయం కాదు.

మద్రాసులోని జెమినీ సంస్థలో పనిచేసిన సంవత్సరాలు ఆయనకు మరో చదువు. బాలనాగమ్మ (1942) అక్కడిదే. 1948లో వాసన్ గారు భారీ ఎత్తున తీసిన చంద్రలేఖ తమిళంలోనూ, హిందీలోనూ దేశమంతా ఆడింది. ఆ చిత్రంలో పెద్ద పెద్ద డోళ్ళ మీద వందలాది మంది చేసిన నృత్యాన్ని చూసినవారు మరిచిపోలేరు. ఎందరో వాద్యకారులను ఒక్క తాటిపై నడిపించే నేర్పు ఆయనకు అక్కడే అబ్బింది.

ఇంటి నుంచి కర్ణాటక సంగీతం, కలకత్తా నుంచి బెంగాలీ మార్దవం, జెమినీ నుంచి పాశ్చాత్య వాద్యగోష్ఠి. ఈ మూడూ కలిసినదే సాలూరు వారి బాణీ. మన వాదనకు మూలం కూడా ఇదే. ఎవరికి ఏ పాయ ఇష్టమో వారు ఆ సినిమాను పట్టుకుంటున్నారు.

ఎవరి ఓటు ఎవరికి?

మల్లీశ్వరి (1951) పక్షం వారి బలం సాహిత్యం. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు సినిమాకు పాటలు రాయడం దానితోనే మొదలు. దూరమైన జంట మేఘాన్ని పిలిచి గోడు చెప్పుకునే పాటలో ఘంటసాల, భానుమతి గార్ల గొంతులు తప్ప వాద్యాలు వున్నట్లే తోచదు. మిస్సమ్మ (1955) పక్షం వారు వెన్నెల పాటను ముందుకు తెస్తారు. నాగలి పట్టినవాడు కూడా పొలం గట్టున పాడుకోగలిగినంత తేలిక దానిలో వుంది. ఒక్కసారి రాగం తీయబోతే ఎంత కష్టమో తెలుస్తుంది. విప్రనారాయణ (1954)లో భక్తుడి పతనమూ, పశ్చాత్తాపమూ ఎ.ఎం. రాజా గారి మెత్తని గొంతులో పలికించారు. ఆ రోజుల్లో భక్తి పాటకు కంచు కంఠమే కావాలనుకునేవారికి అది కొత్త రుచి.

ఇక 1964వ సంవత్సరం ఒక్కటి చాలు. ఆ ఏడాది డాక్టర్ చక్రవర్తిలో పట్నం ఇళ్ళ వీణలూ, పియానోలూ మోగాయి. అమరశిల్పి జక్కన్నలో నల్లరాతి మీద శిల్పి పాట వినిపించింది. బొబ్బిలి యుద్ధంలో మన గడ్డ వీరగాథ వినబడింది. మూడూ ఒక్క మనిషివే. ఒకదాని జాడ మరొకదానిలో కనబడదు.

అరువు బాణీలన్న మాట

ఆయనపై ఒక ఆక్షేపణ కూడా వుంది. దానిని దాచి మెచ్చుకోవడం న్యాయం కాదు. కొన్ని బాణీలు ఇతర భాషల నుంచి తెచ్చినవే. ఆరాధన (1962) చిత్రం బెంగాలీలో వచ్చిన సాగరిక (1956)కు తెలుగు రూపం. దానిలో ఘంటసాల గారు పాడిన పేరుపొందిన పియానో పాటకు ఆధారం ఆ బెంగాలీ చిత్రంలోని పాటే. ఈ సంగతి తెలిసినప్పుడు అభిమానులకు కొంత మనస్తాపం కలగడం సహజం.

అయితే బేరం ఒకవైపే జరగలేదు. మిస్సమ్మను హిందీలో మిస్ మేరీ (1957)గా తీసినప్పుడు సంగీత దర్శకులు బెంగాల్‌కు చెందిన హేమంత్ కుమార్. రాజేశ్వరరావు గారు కృష్ణుడి పాటకు కట్టిన బాణీనే ఆయన అక్కడ వుంచారు. బెంగాల్ నుంచి తెచ్చుకున్నవాడు బెంగాలీ సంగీతకారుడికి తిరిగి ఇచ్చాడన్న మాట. పైగా అరువు తెచ్చిన విత్తనం మన నేలలో మొలిచిందా లేదా అన్నదే రైతుకు కావలసింది. శ్రీశ్రీ గారి మాటలతో ఆ పియానో పాట విన్న తెలుగువాడికి అది పరాయిదనిపించలేదు. మాటకు దెబ్బ తగలకుండా బాణీని ఒదిగించడం అందరికీ చేతనయ్యే పని కాదు.

కడదాకా మన కథే

కాలం మారింది, పాట తీరు మారింది. డెబ్బయ్యవ దశకం వచ్చేసరికి ఆయనకు అవకాశాలు తగ్గాయి. అయినా కురుక్షేత్రం (1977) వంటి భారీ పౌరాణికానికి నిర్మాతలు ఆయన గడపే తొక్కారు. 1986లో తాండ్ర పాపారాయుడు చిత్రానికి మళ్ళీ ఆయనే సంగీతం సమకూర్చారు. సాలూరుకు పొరుగునే వున్న బొబ్బిలి కోటలో 1757లో జరిగిన యుద్ధాన్ని ఇరవై రెండేళ్ళ ఎడంతో రెండుసార్లు స్వరాల్లో చెప్పే భాగ్యం ఈ ప్రాంతం బిడ్డకే దక్కింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణతో గౌరవించింది. రాష్ట్ర ప్రభుత్వం రఘుపతి వెంకయ్య పురస్కారం అందజేసింది. 1999 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. కుమారులలో కోటి గారు సంగీత దర్శకులుగా తెలుగువారందరికీ సుపరిచితులు.

ఇంతకీ తీర్పు ఏమిటి? ఈ వ్యాసకర్త ఓటు విప్రనారాయణకు. పక్క ఇంటివారి ఓటు మిస్సమ్మకు. ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదు. వయస్సు మారితే రుచి మారుతుంది. ఒకనాడు మిస్సమ్మ అన్నవాడే ఇల్లూ వాకిలీ, కష్టమూ సుఖమూ చూశాక మల్లీశ్వరి అంటాడు. ఏ వయస్సువారు వెతికినా ఒక పాట దొరికేటట్లు కట్టిపెట్టి వెళ్ళడమే ఆయన గొప్పతనం. అయితే ఈ వాదన పెద్దల మధ్యనే మిగిలిపోకూడదు. శివరామపురం దారిన పోయే బడిపిల్లవాడికి కూడా ఆ వూరి పేరు వినగానే ఒక పాట గుర్తుకు రావాలి. ఆ పని పెద్దలది. వాదించుకునేటప్పుడు పిల్లలను కూడా పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు.